అబ్బా రిజిస్టర్



పోయిన బక్రీద్ మూడో రోజు కోటమిట్టలో మా ఆపా ఇంట్లో దావత్. దస్తర్‌ఖాన్ మీద బగారా ఖానా, కలీజీ, దాల్చా. ఆపా అల్లుడు ఒక అణు విద్యుత్ కేంద్రంలో టెక్నీషియన్. ఏ కేంద్రమో ఇక్కడ రాయను, అతని నౌకరీ సంగతి. తింటూ తింటూ మాటల్లో అన్నాడు: "మామూ, మా దగ్గర ఒక పంపు టెస్టు నెలకోసారి చేస్తాం. దాన్ని మూడు నెలలకోసారి చేయాలని ప్రపోజల్ పంపారు. ఆ కాగితాల పనితోనే ఈసారి చుట్టీ సగమైంది."

అంతే. ఆపా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "యా అల్లా! కమ్ కర్‌రే కతే!" అంది, పక్కింటికి వినపడేలా. మా అమ్మీ అయితే అప్పటికప్పుడు మనవరాలి వైపు చూసి, "వీడికి ఇంకో నౌకరీ చూడండి" అని హుకుం జారీ చేసింది.

నా పరిస్థితీ అంతే. ఇరవై ఏళ్లకు పైగా పత్రికల్లో పని చేసినవాణ్ణి. నా దిమాగ్‌లో హెడ్డింగ్ అప్పుడే తయారైపోయింది: 'భద్రతకు కోత'. మూడు కాలాలకు సరిపోతుంది. నెల్లూరులో అలాంటి ఖబర్‌కు గిరాకీ ఉంటుంది కూడా. కొన్నేళ్ల క్రితం కావలి తీరంలో అణు కేంద్రం రాబోతోందని పేపర్లు రాశాయి. అది రాలేదు గానీ, ఆ పేరు వింటే తీరం ఊళ్లలో చెవులు నిక్కబొడుచుకుంటాయి. దక్షిణాన చెన్నై దాటితే కల్పాక్కం ఉండనే ఉంది.

అయితే ఆ హెడ్డింగ్ నేను రాయలేదు. రాయకపోవడానికి కారణం చెప్పాలంటే ముందు మా అబ్బా సంగతి, నేను ఇన్నేళ్లు ఎవరికీ చెప్పని నా గలతీ సంగతి చెప్పాలి.

అబ్బా ఊళ్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో జనరేటర్ ఆపరేటర్. నర్సింగ్ హోమ్ పేరు అనవసరం. ఆయన చదువు ఉర్దూ మీడియం అయిదో జమాత్. ప్రతి జుమేరాత్ అసర్ తర్వాత ఇంజిన్ నడిపి చూడటం ఆయన డ్యూటీ. ముందు రేడియేటర్‌లో నీళ్లు, ఆయిల్ గేజ్, డీజిల్ చూసేవారు. బ్యాటరీ టెర్మినళ్లకు పట్టిన తెల్ల పొడిని వేడినీళ్లతో కడిగి, తుడిచి, వాజలీన్ రాసేవారు. ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టేవారు. ఇంజిన్ అందుకున్నాక ఆపరేషన్ థియేటర్ లైట్లు, ఫ్రిజ్‌లు దాని మీదికి మార్చి ఇరవై నిమిషాలు నడిపేవారు. "ఖాలీగా తిప్పితే లోపల మసి పడుతుంది బేటా, బరువు మోయించాలి" అనేవారు. చివర్లో రిజిస్టర్. తేదీ, టైము, ఎన్ని నిమిషాలు, దస్తఖత్. ఆఖరి గడిలో 'ఓకే'. ఉర్దూలో 'ఠీక్ హై' అని రాస్తుంటే మేనేజర్ వద్దన్నాడట. అబ్బాకు వచ్చిన ఒకే ఒక్క ఇంగ్లిష్ మాట అదే.

మొదట్లో ఆయన వారానికి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు నడిపేవారు. ఆర్నెల్లలో బ్యాటరీ రెండుసార్లు దిగిపోయింది. రిజిస్టర్ తిరగేసి చూస్తే ఆయనకే అర్థమైంది. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ బ్యాటరీలోంచి ఖర్చయ్యేది అయిదు నిమిషాల్లో తిరిగి నిండటం లేదు. పరీక్షే బ్యాటరీని తినేస్తోంది. ఓనర్‌కు రిజిస్టర్ చూపించి, వారానికోసారి, ఇరవై నిమిషాలు అని మార్చారు. తర్వాత రెండేళ్లు ఇంజిన్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. చిన్నప్పుడు ఇదంతా విన్నాను గానీ, దీనికి ఇంత మతలబు ఉందని ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చునేదాకా తట్టలేదు.

1998 డిసెంబరు చివర రంజాన్ మొదలైంది. నేను ఇంటర్. అబ్బాకు టైఫాయిడ్. మంచం మీంచి నన్ను పిలిచి, "జుమేరాత్ నువ్వెళ్లి నడుపు, నేర్పాను కదా" అన్నారు. వెళ్లాను. ఇఫ్తార్‌కు టైమవుతోంది. దోస్తులు గేటు బయట సైకిళ్ల మీద నిలబడ్డారు. జనరేటర్ గది తాళం తీసి, రిజిస్టర్‌లో తేదీ వేసి, 'ఓకే' రాసి, అబ్బా దస్తఖత్ అచ్చం అబ్బాలాగే గీసి, తాళం వేసి వచ్చేశాను. ఇంటికి రాగానే "చలాయా క్యా?" అని అడిగారు. "హౌ అబ్బా" అన్నాను. రోజాతో ఉండి చెప్పిన ఝూట్. పైవారం కూడా అదే పని చేశాను. రెండోసారి భయం కూడా వేయలేదు.

మూడో వారం అబ్బా కాస్త కోలుకుని డ్యూటీకి వెళ్లిన మొదటి రాత్రి కరెంటు పోయింది. అబ్బా సెల్ఫ్ కొడితే 'టిక్' మని ఒక్క చప్పుడు, అంతే. బ్యాటరీ చచ్చిపోయింది. లోపల ఒక తల్లికి అప్పుడే కాన్పు జరిగింది. టార్చి లైటు పట్టుకుని డాక్టరమ్మ కుట్లు వేస్తోంది. బిడ్డను వెచ్చగా ఉంచే పెట్టె ఆగిపోయింది. ఒక సిస్టర్ బిడ్డను గుండెకు హత్తుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. అబ్బా డాక్టరమ్మ కారు బ్యాటరీ ఊడదీసి, మోసుకొచ్చి, తగిలించి ఇంజిన్ లేపేసరికి దాదాపు అరగంట. అల్‌హమ్దులిల్లాహ్, తల్లీబిడ్డా క్షేమం.

తెల్లారి ఓనర్ రిజిస్టర్ తెప్పించాడు. రెండు వారాలూ 'ఓకే' ఉంది. "నీ తప్పేం లేదు, బ్యాటరీ వాడు మోసం చేశాడు" అన్నాడట. అక్కడితో అయిపోయేది. కానీ అబ్బా ఆ దస్తఖత్‌లు చూశారు. నా చేతిరాత ఆయనకు తెలీదా? ఆ రెండు 'ఓకే'ల మీద గీత కొట్టి, పక్కన ఉర్దూలో 'నహీ చలాయా' అని రాసి, కింద అసలు దస్తఖత్ చేశారు. ఎవరు రాశారని అడిగితే "జిమ్మేదారీ నాది" అన్నారు. నా పేరు చెప్పలేదు. ఆ నెలాఖరుకు నౌకరీ పోయింది. ఆ ఈద్‌కు మా ఇంట్లో కొత్త బట్టలు లేవు. తర్వాత అబ్బా ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర ఇంజిన్ల రిపేరుకు వెళ్లి, చివరిదాకా అదే పని చేశారు.

నన్ను కొట్టలేదు, తిట్టలేదు. చాలా రోజుల తర్వాత నేనే అడిగాను: ఓనర్ మాఫ్ చేస్తుంటే ఎందుకలా రాశారని. అబ్బా అన్న మాట ఇది: "నా తర్వాత వచ్చేవాడు ఆ ఖాతా చూసి లెక్క కడతాడు బేటా. టెస్టు చేసినా బ్యాటరీ పోయింది, ఇక టెస్టెందుకు అనుకుంటాడు. ఝూటా ఓకే ఒక రోజుతో పోదు."

దావత్ అయ్యాక అల్లుడూ నేనూ మేడ మీదికెళ్లాం. "ఇప్పుడు చెప్పు, ఎందుకు తగ్గిస్తున్నారు?" అని అడిగాను. కోపంగానే అడిగాను.

అతను తాపీగా చెప్పాడు. అణు కేంద్రంలో డీజిల్ జనరేటర్లు, అత్యవసర పంపులు, వాల్వులు మామూలు రోజుల్లో ఊరికే ఉంటాయి. అవసరమైన క్షణంలో లేవాలి. టెస్టు చేసిన రోజు అది బాగుందని మనకు తెలుసు. మర్నాటి నుంచి తెలియని రోజులు మొదలవుతాయి. టెస్టుల మధ్య ఎడం పెరిగితే ఆ తెలియని రోజులు పెరుగుతాయి. మా ఆపా భయం అదే, అది సహీ భయం. కానీ ప్రతి టెస్టుకూ ఒక ఖర్చుంది. యంత్రం అరుగుతుంది. టెస్టు నడుస్తున్నంతసేపు కొన్ని పరికరాలను పక్కకు తీసి పెట్టాలి. మనిషి చేయి పడిన ప్రతిసారీ ఒక వాల్వు మూసి మరిచిపోయే అవకాశం ఉంటుంది.

ఆ తర్వాత నేను చదివినవీ, వృత్తి అలవాటుగా సరిచూసుకున్నవీ కలిపి చెబుతాను.

అమెరికాలో 1970ల నిబంధన ఒకటి ఉండేది. ఒక డీజిల్ జనరేటర్‌ను చివరి 100 సార్లు పరీక్షించినప్పుడు ఒకటికి మించి ఫెయిల్ కాకపోతే 31 రోజులకోసారి నడిపితే చాలు. రెండుసార్లు ఫెయిలైతే 14 రోజులకోసారి, మూడైతే 7 రోజులకోసారి, నాలుగూ అంతకు మించితే 3 రోజులకోసారి. వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంది. కానీ ఆ ఇంజిన్లు చల్లగా ఉన్నవి ఉన్నట్టే లేచి, చాలాచోట్ల 10 సెకన్లలో పూర్తి వేగం అందుకోవాలి. నిద్రలో ఉన్నవాణ్ణి లేపి ఒక్కసారిగా పరుగెత్తించడం లాంటిది. జబ్బు పడ్డ ఇంజిన్‌ను మూడు రోజులకోసారి అలా పరుగెత్తిస్తే జబ్బు ముదురుతుంది. 1984లో అక్కడి అణు నియంత్రణ కమిషన్ ఈ సంగతి ఒప్పుకుని, అలాంటి చల్లటి హఠాత్ స్టార్టులు తగ్గించుకోమని కేంద్రాలన్నిటికీ లేఖ రాసింది. మా అబ్బా బ్యాటరీ లెక్క కూడా సరిగ్గా ఇదే.

1979 మార్చి 28 తెల్లవారుజామున పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్‌లో మామూలుగా నీళ్లు పంపే పంపులు ఆగిపోయాయి. అత్యవసర పంపులు వెంటనే లేచాయి. కానీ నీళ్లు కదల్లేదు. రెండు రోజుల ముందు ఒక టెస్టు కోసం మూసిన రెండు వాల్వులు మూసినట్టే ఉన్నాయి. ఎనిమిది నిమిషాల తర్వాత గానీ ఎవరూ గమనించలేదు. ఆ ప్రమాదానికి అసలు కారణం ఇంకో వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోవడం. కానీ ఆ ఎనిమిది నిమిషాల గందరగోళం ఒక భద్రతా పరీక్ష వదిలి వెళ్లినది. 1986లో చెర్నోబిల్ పేలిన రాత్రి అక్కడ జరుగుతున్నదీ ఒక భద్రతా పరీక్షే. ఎక్కువ టెస్టులు అంటే ఎక్కువ భద్రత అనే నా యకీన్‌కు అక్కడ దెబ్బ తగిలింది.

అలాగని టెస్టులు వద్దంటామా? 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైన్ రెక్కలు విరిగి, మంటలు లేచి, కేబుళ్లు కాలి దాదాపు 17 గంటలు కరెంటే లేకుండా పోయింది. అప్పుడు ఆదుకున్నవి మంటలార్పే డీజిల్ పంపులు. కార్మికులు వాటిని లేపి, ఆ నీళ్లే లోపలికి మళ్లించి రియాక్టర్‌ను చల్లబరిచారు. ఎప్పుడో గానీ అవసరం పడని పంపులు అవి. ఆ రాత్రి 'టిక్' మని ఆగి ఉంటే?

2004 డిసెంబరు 26న నేను కుర్ర రిపోర్టర్ని. సునామీ వచ్చిన రోజు మైపాడు వైపు వెళ్లాను. ఒడ్డున పడవలు పొలాల్లోకి కొట్టుకొచ్చాయి. జనం ఏడుస్తున్నారు. మధ్యాహ్నానికల్లా కల్పాక్కం గురించి రకరకాల అఫ్వాలు. నిజానికి జరిగింది ఇది: సముద్రం నీళ్లు పంపు హౌస్‌లోకి వచ్చాయి, నడుస్తున్న రెండో యూనిట్‌ను క్షేమంగా ఆపేశారు. మొదటి యూనిట్ అప్పటికే మరమ్మతుల కోసం ఆగి ఉంది. రియాక్టర్‌కు ఏమీ కాలేదు గానీ, అక్కడి కాలనీలో మాత్రం సముద్రం ప్రాణాలు తీసింది. ఆ రోజు లేవాల్సినవి లేచాయి, ఆగాల్సినవి ఆగాయి. వాటి వెనక ఎన్ని మామూలు జుమేరాత్‌లు ఉన్నాయో ఏ పేపరూ రాయలేదు. నేనూ రాయలేదు.

"సరే, ఎడం ఎంతుండాలో ఎవరు చెబుతారు?" అని అల్లుణ్ణి అడిగాను.

"మా ఇష్టం కాదు మామూ. ఏ పరికరాన్ని ఎన్నాళ్లకు పరీక్షించాలో ఒక దస్తావేజు ఉంటుంది. దాన్ని మంజూరు చేసేది ఏఈఆర్‌బీ. అక్షరం మార్చాలన్నా వాళ్ల కమిటీల ముందుకు వెళ్లాలి." ఏఈఆర్‌బీ అంటే అణుశక్తి నియంత్రణ బోర్డు. 1983 నవంబరులో పెట్టారు. అమెరికాలో ఇంకో తరీకా వచ్చింది. 2006లో లిమరిక్ అనే కేంద్రానికి మొదటిసారి, ప్రభుత్వం ఒప్పుకున్న పద్ధతిలో లెక్క కట్టి పరీక్షల ఎడాన్ని కేంద్రమే మార్చుకునే వీలిచ్చారు. మార్చాక గమనిస్తూ ఉండాలి. యంత్రం తేడా చేస్తే ఎడం మళ్లీ తగ్గించాలి.

"లెక్క దేని మీద కడతారు?"

అతను నా వైపు వింతగా చూశాడు. "ఇంకేముంది మామూ, రిజిస్టర్ల మీద. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు నడిపాం, ఎన్నిసార్లు లేవలేదు, ఎందుకు లేవలేదు. అదే కదా మా దగ్గరున్న గవాహీ."

నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

దక్షిణ కొరియాలో కోరి అనే కేంద్రం ఉంది. 2012 ఫిబ్రవరి 9న, ఇంధనం మార్చడానికి మొదటి యూనిట్‌ను ఆపి ఉంచిన రోజుల్లో, ఒక పరీక్ష మధ్యలో బయటి కరెంటు పోయింది. డీజిల్ జనరేటర్ లేవలేదు. 12 నిమిషాలు కేంద్రం చీకట్లో ఉంది. కరెంటు తిరిగొచ్చింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అక్కడి పెద్దలు ఆ సంగతి దాచిపెట్టారు. నెల దాటాక గానీ బయటపడలేదు. ఫుకుషిమా జరిగి ఏడాది కూడా కాలేదు అప్పటికి. జనానికి ఎక్కువ గుస్సా వచ్చింది ఇంజిన్ లేవనందుకు కాదు, లేవలేదని రాయనందుకు. ఇంజిన్లు ఫెయిలవుతాయి, అందుకే కదా పరీక్షలు. ఫెయిలైనట్టు ఖాతాలో లేకపోతే, రేపు ఎడం ఎంతుండాలో లెక్క కట్టేవాడి చేతిలో మోసపు అంకెలుంటాయి. అతను నిజాయితీపరుడైనా అతని లెక్క తప్పే.

చదివేవాళ్లలో కొంతమంది పిల్లలు ఇలాంటి నౌకరీల్లోనే ఉన్నారని నాకు తెలుసు. కృష్ణపట్నం థర్మల్‌లో, శ్రీహరికోటలో, గల్ఫ్ రిఫైనరీల్లో, ఆస్పత్రుల్లో. లిఫ్టులు చూసేవాళ్లు, బాయిలర్లు చూసేవాళ్లు. వాళ్లందరి డ్యూటీలో ఎక్కడో ఒక చోట ఆ ఆఖరి గడి ఉంటుంది. షిఫ్టు అయిపోవస్తుంటుంది, దోస్తులు గేటు బయట పిలుస్తుంటారు. మీ బేటా ఇంటికొచ్చినప్పుడు "జీతం పెరిగిందా" అని అడుగుతాం కదా, ఒక్కసారి ఇది కూడా అడగండి: "నడపని రోజు నడపలేదని రాయనిస్తారా అక్కడ?" రాస్తే నౌకరీ పోయే చోట ఎవరూ రాయరు. అబ్బా రాశారు, పోయింది. అలాంటి చోట నెలకోసారి పరీక్ష అన్నా, రోజుకోసారి అన్నా భరోసా ఏముంది?

మేడ దిగేముందు అల్లుణ్ణి ఇంకొకటి అడిగాను. "ఆ ప్రపోజల్ మీద నీకు తసల్లీ ఉందా?"

"ఆ పంపు రికార్డులో నా ఎంట్రీలు ఉన్నాయి మామూ. రెండుసార్లు ఫెయిలైంది, రెండూ రాశాను. అవి కూడా లెక్కలో కలిపాక మూడు నెలలు చాలంటే ఒప్పుకుంటాను. చాలదంటే నెలకోసారే చేస్తాం."

కిందికొచ్చి ఆపాకు చెప్పాను, ఫికర్ చేయొద్దని. ఆమె ఒప్పుకోలేదు. "నువ్వేమైనా చెప్పు, నెలకోసారి చూస్తే వాళ్ల సొమ్మేం పోయింది?" అంది. అబ్బా బ్యాటరీ కథ చెప్పాను. చెబుతూ చెబుతూ, ఆ రెండు 'ఓకే'లు ఎవరు రాశారో కూడా చెప్పేశాను. ఇన్నేళ్లూ ఇంట్లో అందరూ అబ్బానే బద్ధకించారనుకున్నారు. పాపం జ్వరంలో వెళ్లలేకపోయి ఉంటారని అమ్మీ సర్దిచెప్పుకుంది. ఆ మాట విని అమ్మీ కాసేపు నన్నే చూసింది. తర్వాత దుపట్టాతో కళ్లు తుడుచుకుని, "ఆయనకు తెలుసా?" అంది. తెలుసన్నాను. "నాకెందుకు చెప్పలేదు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మా మొహల్లా మస్జిద్ జనరేటర్ చూసుకునే పని రెండేళ్లుగా నాది. ఇన్వర్టర్లు వచ్చాక దాని అవసరం తక్కువే. నెలకు రెండుసార్లు నడిపి నోట్‌బుక్‌లో రాస్తాను. దావత్ తర్వాతి వారం ఆఫీసు పనిలో పడి వెళ్లలేకపోయాను. మర్నాడు నోట్‌బుక్ తెరిచి, ఆ తేదీ వేసి, పక్కన ఉర్దూలో 'నహీ చలాయా' అని రాసి, నా దస్తఖత్ చేశాను. ఈసారి నాదే.

దువాల్లో యాద్ పెట్టుకోండి. మా అబ్బాను కూడా.